తిరిగివ్వని బోణీ

మా పెద్దమ్మ చనిపోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. కొత్తగూడ చౌరస్తాలో ఫ్లైఓవర్ కింద జొన్నరొట్టెల బండి నడిపిన మనిషి ఆమె. ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళయితే ఒక్కసారైనా ఆమె చేతి రొట్టె తినే ఉంటారు. పేరు మీకు తెలిసి ఉండదు. ఎవరూ అడగలేదు. అందరికీ ఆంటీయే.

ఇది ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. నేను పనిచేస్తున్న ఫోన్ చెల్లింపుల యాప్ కంపెనీ ఆమెకు నివాళి అర్పించింది. ఆ నివాళిలో ఉన్నదంతా అబద్ధం. దాన్ని లక్షల ఫోన్లలోకి పంపారు. నిజం చెప్పడానికి నాకు ఉన్నది ఈ పేజీ ఒక్కటే. రెండో కారణం, ఈ నెల ముప్పయ్యో తేదీలోగా నాకు ఒక మనిషి నుంచి ఒక్క వాక్యం కావాలి. ఆ మనిషి ఎవరో తెలియదు. ఇది చదువుతున్నవాళ్ళలో ఉన్నాడేమోనని ఆశ.

కబురు వచ్చిన పొద్దున నేను ఆఫీసులో ఉన్నాను. వినియోగదారుణ్ణి ఎలా మురిపించాలి అన్న విషయం మీద మీటింగ్ జరుగుతోంది. తెర మీద నవ్వు బొమ్మలు. అమ్మ ఫోన్ చేసి, "అక్క లేస్తలేదే. పిండి జల్లెడ పట్టుకోనే కూసున్నది, లేస్తలేదు" అంది. బోరబండలో మా గది నుంచి దవాఖానకు తీసుకెళ్ళేసరికే అయిపోయింది. గుండె అన్నారు. పదేళ్ళుగా షుగర్ ఉంది. బ్యాంకులో డబ్బు ఆగిపోయినందుకే ఆమె పోయిందని నేను అనను. అలా అంటే కంపెనీవాళ్ళు చెప్పిన అబద్ధానికి నేనొకటి కలిపినట్టవుతుంది.

దినాలు అయ్యాక ఆఫీసుకు వెళ్ళాను. రిసెప్షన్‌లో గోడంత తెర మీద పెద్దమ్మ. చేతిలో మా కంపెనీ స్పీకరు డబ్బా, అదే, డబ్బు పడగానే ఎంత పడిందో గట్టిగా చెప్పేది. కింద రాసి ఉంది: "నగదు లేని నవ ప్రపంచంలోకి నవ్వుతూ అడుగుపెట్టిన అమ్మకు మా కుటుంబం నివాళి."

ఆ ఫోటో తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆమె నవ్వడం లేదు. "జర జల్ది తియ్యి నాయనా, రొట్టె మాడుతున్నది" అంటోంది. ఆ మాటలో నోరు తెరుచుకున్న క్షణాన్ని పట్టుకుని నవ్వు అని పేరు పెట్టారు.

మా టీమ్ లీడర్ కడప మనిషి. పరుగున వచ్చాడు. "చూస్తివా అమ్మా? నేనే చెప్పినా వాళ్ళకు, మన పిల్ల పెద్దమ్మ అని. ఎంత బాగ వచ్చిందో!"

"సార్, ఆమె ఖాతా ఇంకా బ్లాకులోనే ఉంది" అన్నాను.

"అది బ్యాంకు ఇష్యూ లేమ్మా. మనది కాదు."

నాలుగు నెలలుగా ఆ మనిషి నాతో చెప్పింది ఆ ఒక్క మాటే. చావు కూడా దాన్ని మార్చలేకపోయింది.

పెద్దమ్మది పాలమూరు వైపు. ఇప్పుడు అద్దాలు తొడుక్కుని మెరిసే ఈ భవనాల్లో కొన్నింటికి కంకర మోసింది. నడుం పట్టేశాక మోయడం మానేసి రొట్టెల బండి పెట్టుకుంది. పిల్లలు లేరు. పెద్దనాన్నను నేను ఎరగను. మా అమ్మ అపార్ట్‌మెంట్లలో పాచిపని చేసేది, ఇప్పటికీ చేస్తోంది. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేను. నా ఇంటర్ ఫీజు, డిగ్రీ ఫీజు రొట్టెల్లోంచి వచ్చాయి. నా పుస్తకాల్లో ఎక్కడో ఒకచోట తెల్లటి పిండి మరక ఉండేది. నోట్లు ఇచ్చే చేత్తోనే పుస్తకం తెరిచి, అక్షరాలు చూసి, "మస్తుగున్నయి చీమలు" అని మూసేసేది.

ఆమె బోణీ గురించి చెప్పాలి. బోణీ అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. కాని ఆమెకు దాని మీద ఉన్న పట్టుదల మీరు చూసి ఉండరు, ఎందుకంటే మీరంతా మధ్యాహ్నం ఒంటి గంటకు గుంపుగా దిగేవాళ్ళు. ఆమె పదకొండింటికి పెనం పెట్టేది. మొదటి రొట్టె అమ్మిన నోటును పెనానికి చూపించి, కళ్ళకద్దుకుని, పిండి డబ్బా అడుగున పెట్టేది. మర్నాడు బోణీ అయ్యేదాకా దాన్ని చిల్లర కింద ఇచ్చేది కాదు, ఖర్చు పెట్టేది కాదు. బోణీ వేళ ఎవరైనా బేరం ఆడితే, "జరసేపు ఆగి రా బిడ్డా, ఇంకోడు బోణీ చేసినంక తక్కువకే ఇస్త" అని పంపేసేది. అప్పు అసలే లేదు.

అన్నిటికంటే గట్టి నియమం ఇంకోటి. బోణీ సొమ్ము తిరిగి ఇవ్వదు. ఒకసారి ఒక పెద్దమనిషి మొదటి రొట్టె మాడిందని డబ్బులు వెనక్కి ఇమ్మన్నాడు. ఆయనకు రెండు కొత్త రొట్టెలు చేసి పెట్టింది, కూర వేసింది, ఉల్లిగడ్డ కోసి పెట్టింది. "రొట్టె మంచిగ లేకుంటే ఇంకో రొట్టె అడుగు. పైస అడగకు. బోణీ ఎనక్కిస్తే ఆ దినమే ఎనక్కి పోతది" అంది. ఆయన తిని, మాడిన రొట్టె కూడా పొట్లం కట్టించుకుని వెళ్ళాడు.

డిగ్రీ అయ్యాక నాకు ఈ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మొదట ఫీల్డు పని. మెడలో ఐడీ కార్డు తాడు, భుజాన సంచి, సంచి నిండా స్కానర్ బోర్డులు. రోజుకు ఇన్ని కొట్లకు అంటించాలని టార్గెట్. మొదటి రోజు ఎవరూ ఒప్పుకోలేదు. సాయంత్రం అయిదింటికి పెద్దమ్మ బండి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నా ముఖం చూసి విషయం అర్థం చేసుకుంది.

"ఏందే, ఒక్కటి గూడ పోలే?"

"పోలే పెద్దమ్మా."

"అయితే ఇంకా బోణీ గాలేదన్నట్టు. తే, నాకు అంటియ్యి."

ఆమె కొత్త ప్రపంచంలోకి నవ్వుతూ అడుగుపెట్టిన కథ ఇదీ. ఒక ఆడపిల్ల ఉద్యోగం పోకుండా బోణీ చేసింది.

తర్వాత స్పీకరు డబ్బా కూడా నేనే తెచ్చి పెట్టాను. దానికి ఆమె పెట్టిన పేరు వాగుడుకాయ. "చెప్పుడు మంచిగనే చెప్తది. ఇచ్చుడు ఎవలు జూసిన్రు?" అనేది. అయినా పిండి అంటకుండా ఒక ప్లాస్టిక్ కవరు తొడిగింది. ఒక్క షరతు మాత్రం పెట్టింది. బోణీ చేతి నోటే. ఆ తర్వాత మీ ఇష్టం.

అమ్మకం పెరిగింది. ఆ మాట దాచను. చిల్లర లేదని తిరిగి వెళ్ళేవాళ్ళు తగ్గారు. గల్లా కొట్టేసే దొంగ భయం పోయింది. మూడేళ్ళలో ఖాతాలో లక్షకు పైగా జమయింది. బోరబండ రైల్వే స్టేషన్ దగ్గర ఒక మడిగె, అంటే చిన్న దుకాణం గది, చూసుకుంది. అడ్వాన్సు లక్ష. ఎండా వానా లేకుండా, బండి ఎత్తుకుపోయే మున్సిపాలిటీ లారీ భయం లేకుండా నాలుగు గోడల మధ్య రొట్టె చెయ్యాలని ఆమె ఆశ. గోడకు సున్నం ఏ రంగు వెయ్యాలో కూడా అనుకుంది. పచ్చది.

కాని ఆ డబ్బాతో పాటు ఇంకేవో వచ్చాయి. అంతకు ముందు చిల్లర కోసం నిలబడేవాళ్ళు. నిలబడిన ఆ నిమిషంలో ఒక మాట అడిగేవాళ్ళు, మోకాలు ఎలా ఉందని, ఇవాళ కూర ఏమిటని. ఆ నిమిషం పోయింది. ఫోన్ ఎత్తడం, చూపడం, తినడం, చేతులు కడుక్కోవడం. చూపు తెర మీదే. పాత స్క్రీన్‌షాట్ చూపించి, "వచ్చేసింది ఆంటీ, మీ బాక్స్‌కి నెట్ లేదనుకుంటా" అని వెళ్ళిపోయిన దొరబాబులు కూడా ఉన్నారు. మెడలో తాడు, కాళ్ళకు పదివేల బూట్లు. మోసం చేసింది రెండు రొట్టెలకు. పెద్దమ్మ వాళ్ళను ఒక్కనాడూ పిలిచి అడగలేదు. "ఆకలైంది తిన్నడు. సిగ్గయితలేదు గంతే" అనేది.

బ్యాంకు కూడా మారింది. ప్రతి శనివారం పొద్దున్నే ఆమె కొండాపూర్ బ్రాంచికి వెళ్ళి డబ్బు కట్టేది. కౌంటర్లో ఒక పెద్దాయన ఉండేవాడు. "ఇన్ని పది నోట్లు ఎవరు లెక్కపెట్టాలమ్మా? పిండి వాసన ఒకటి!" అని కసురుతూనే లెక్కపెట్టేవాడు. ఆయన రిటైరయ్యాడు. కౌంటరు తీసేసి సోఫా వేశారు. గోడ మీద బొమ్మ, మీ బ్యాంకు మీ చేతిలోనే ఉందని. పెద్దమ్మ ఆ సోఫా మీద ఎప్పుడూ కూర్చోలేదు. "తిట్టనీకి గూడ మనిషి లేడు గీడ" అంది.

ఇక ఆ రోజు సంగతి. బోనాల ముందు ముసురు పట్టింది. నాకు సెలవు, బండి దగ్గర ఉల్లిగడ్డలు కోస్తున్నాను. పదకొండున్నర. ఒక అబ్బాయి తడుస్తూ వచ్చి పరదా కిందికి దూరాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కళ్ళజోడు మీద నీళ్ళు. మెడలో నీలం తాడు, కార్డు చొక్కా జేబులో దోపుకున్నాడు. రెండు రొట్టెలు, బచ్చలికూర తిన్నాడు. వేళ్ళు నాకాడు. "మా అమ్మమ్మ చేసినట్టే ఉందండి" అన్నాడు. చేతులు కడుక్కుని ఫోన్ తీశాడు.

"బోణీ బిడ్డా. నోటియ్యి" అంది పెద్దమ్మ.

"నోటు లేదండి. నిజంగా లేదు. ఏటీఎం దాకా వెళ్ళొస్తాను, ఆగండి" అని వానలోకి అడుగు వేశాడు. మంచివాడు. పారిపోయే రకం కాదు.

నేను అడ్డం పడ్డాను. ఆపింది నేనే. "పెద్దమ్మా, వానల యాడికి పోతడు? పైసలు పైసలే గదా. చేతికొచ్చినా, ఫోన్ల పడ్డా ఒక్కటే. ఈ ఒక్క దినం తీసుకో" అన్నాను. చదువుకున్నదాన్ని కదా, పైసలు పైసలే అని నాకు తెలుసు.

ఆమె నా వైపు చూసింది, వాన వైపు చూసింది. "సరే తియ్యి" అంది.

వాగుడుకాయ అరవై రూపాయలు అందాయని అరిచింది. పెద్దమ్మ ఒక్క క్షణం ఏం చెయ్యాలో తోచనట్టు ఆగింది. అద్దుకోవడానికి నోటు లేదు. పిండి చేత్తో ఆ డబ్బానే ఎత్తి, పెనానికి చూపించి, కళ్ళకద్దుకుంది. కవరు తొలగిపోయి డబ్బా మీద నాలుగు వేళ్ళూ అచ్చు పడ్డాయి. అబ్బాయి నవ్వి, "బోణీ నాదేనా? అయితే మీకు ఇవాళ మంచి జరుగుద్దండి" అని వెళ్ళాడు.

తొమ్మిదో రోజున ఖాతా ఆగిపోయింది. వచ్చే డబ్బు రాదు, ఉన్న డబ్బు తీయడానికి లేదు. వాగుడుకాయ నోరు మూసుకుంది. కారణం తెలుసుకోవడానికే మూడు వారాలు పట్టింది. ఏదో రాష్ట్రంలో ఎవరినో ఫోన్లో మోసం చేశారు. ఆ డబ్బు పది ఖాతాలు తిరిగి, ముక్కలై, అందులో అరవై రూపాయలు ఆ ముసురు రోజు బోణీగా మా రొట్టెల బండికి చేరాయి. అక్కడి పోలీసులు రాస్తే ఇక్కడి బ్యాంకు బ్లాకు చేసింది. అరవై రూపాయలకు తాళం లక్ష మీద పడింది.

నేను మా కంపెనీలోనే ఫిర్యాదు నమోదు చేశాను. నా సీటుకు నాలుగు వరసల అవతల కూర్చునేవాళ్ళకే అది వెళ్ళింది. మర్నాడు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని చుక్కలు ఇస్తారు అని. పెద్దమ్మకు చదివి వినిపించాను. "పట్టపగలే చూపిస్తున్నరు గదా చుక్కలు. ఇంకెన్ని గావాలంట?" అంది. నెల తిరగగానే ఇంకో మెసేజ్, స్పీకరు డబ్బాకు కిరాయి బాకీ ఉన్నారని. ఖాతా ఆగినా అడగడం ఆగలేదు. ఇలాంటి మెసేజ్‌లలో తెలుగు దిద్దే పని నాకూ ఉంది. ఆ మెసేజ్‌లో బాకీ ముందు 'దయచేసి' అని చేర్చింది నేనే. నా చదువు ఆమెకు పనికొచ్చింది అంతవరకు.

బ్యాంకుకు ఇద్దరం వెళ్ళాం. ఆఫీసర్ గారు గోదావరి జిల్లాల మనిషి. మహా మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"చాలా సింపుల్ అమ్మా. ఆ అరవై రూపాయలు వెనక్కి ఇచ్చేస్తానని ఈ లెటర్ మీద వేలిముద్ర వేసేయండి. మేం అక్కడి స్టేషన్‌కి పంపుతాం. పదిహేను రోజుల్లో ఖాతా ఓపెన్ అయిపోద్ది."

"ఎందుకియ్యాలె సారూ?"

"అది మోసం సొమ్మండి. చేతులు మారి మీ దగ్గరకొచ్చింది."

"వాడు తిన్నడు సారూ. రెండు రొట్టెలు, బచ్చలికూర. నేను పిసికిన, కాల్చిన, పెట్టిన. గా పైసలు నావి. అండ్ల బోణీ అది."

"తిన్నాడని రుజువేదమ్మా? బిల్లు ఉందా?"

పెద్దమ్మ నవ్వింది. కంపెనీ ఫోటోలో లేని నవ్వు. "రొట్టెకు బిల్లా! తిన్నోడి కడుపుల ఉంటది సారూ రుజువు."

"అబ్బా, అరవై రూపాయల కోసం ఎందుకండి ఇంత? కావాలంటే నేనే ఇస్తాను. మీ స్కానర్ నంబర్ చెప్పండి, కొట్టేస్తాను" అని ఫోన్ తీశాడు. ఆ స్కానర్‌ను ఆపింది తన బ్యాంకేనని ఆయన మర్చిపోయాడు.

"అరవయ్యే అయితే లక్ష ఎందుకాపినవ్ సారూ?"

ఆయన మంచినీళ్ళ గ్లాసు ఇంకొంచెం ముందుకు జరిపాడు.

"ఏం రాసిన్రు బిడ్డా గా కాయితంల? సదువు" అంది నాతో. చదివాను. పై మొత్తం నేరపూరిత లావాదేవీలో భాగంగా నా ఖాతాకు చేరినదని అంగీకరిస్తూ, అని మొదలవుతుంది. నేరపూరిత అన్న మాటకు అర్థం అడిగింది. చెప్పాను.

ఆఫీసర్ గారు ఇంకు డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాడు. పెద్దమ్మ కుడిచేతి బొటనవేలిని లోపలికి మడిచి, పిడికిలి బిగించి, ఒళ్ళో పెట్టుకుంది. చిన్నపిల్ల చాక్లెట్ దాచుకున్నట్టు. లేచేదాకా ఆ పిడికిలి విప్పలేదు.

"బోణీ ఎనక్కియ్య సారూ. దొంగసొమ్ము తిన్న అని ముద్ర ఎయ్య."

ఆఫీసర్ గారు మూత పెట్టేస్తూ అన్నాడు, "ఇంకో దారి ఒకటుందండి. ఆ తిన్న మనిషి తిన్నానని రాసిస్తే మామూలు అమ్మకం కింద పంపించొచ్చు. మీరు రూపాయి వెనక్కి ఇవ్వక్కర్లేదు. కానీ ఎక్కడ దొరుకుతాడండి వాడు ఈ సైబరాబాద్‌లో!"

తిరుగు ఆటోలో నేను ఆమెను తిట్టాను. అరవైకి లక్ష పోగొట్టుకుంటావా అన్నాను. మడిగె పోతుందన్నాను. చివరికి, "సదువు లేనోళ్ళతోని ఇదే పరేషాన్" అన్నాను. నా ఫీజులు కట్టిన మనిషితో.

ఆమెకు కోపం రాలేదు. కొండాపూర్ దాటాక అంది: "సదువుకున్నోళ్ళు కాయితంల నన్ను దొంగ అని రాసిన్రు. సదువు లేనిదాన్ని, కాదన్న. నువ్వు చెప్పు, ఎవలకొచ్చింది సదువు?"

ఆ తర్వాత స్కానర్ బోర్డును ఫ్లైఓవర్ గోడవైపు తిప్పేసింది. అట్ట ముక్క మీద నాతో నోట్లు మాత్రమే అని రాయించింది. అప్పుడు చూశాను నేను ఈ ఐటీ కారిడార్ అసలు ముఖం. "క్యాష్ ఎవరు పెట్టుకుంటారు ఆంటీ ఈ రోజుల్లో!" అని ఒక్కొక్కళ్ళు గవ్వలు అడిగినట్టు మొహం పెట్టేవాళ్ళు. నెలకు లక్ష జీతం, జేబులో పది రూపాయల నోటు లేదు. పదమూడేళ్ళు రొట్టె పెట్టిన మనిషి ఎందుకు నోటు అడుగుతోందో ఒక్కళ్ళు ఆగి అడగలేదు. పక్క బండికి వెళ్ళారు. అక్కడ వాగుడుకాయ పనిచేస్తోంది కదా. ఆమెకు మిగిలింది ఆటోవాళ్ళు, సెక్యూరిటీ గార్డులు, తోటపనివాళ్ళు. వాళ్ళ దగ్గర నోట్లు ఉండేవి. ఆమె మోకాలి గురించి కూడా వాళ్ళే అడిగారు.

ఇంకో పని మొదలుపెట్టింది. నీలం తాడు వేసుకున్న పొడుగాటి అబ్బాయి ఎవరు రోడ్డు దాటినా రొట్టె కొట్టడం ఆపి చూసేది. నేను ఉంటే నా మోచేయి పొడిచేది. "గా పోరడేనా చూడు." కాదు పెద్దమ్మా. కాసేపటికి మళ్ళీ, "గాయిన?" మెడలో నీలం తాళ్ళు ఈ ఊళ్ళో ఎన్ని వేలు ఉంటాయి! నాలుగు నెలలు ఆమె అందరి మెడలూ చూసింది. ఒక్కసారి కూడా వాణ్ణి తిట్టలేదు. "పిల్లగాడు మంచోడే. వానల పోబోయిండు గద ఏటీఎంకు. వానికి ఎవడో గిట్లనే అంటగట్టి ఉంటడు" అనేది. ఆ వానలో అతన్ని ఆపింది నేనేనని కూడా ఒక్కసారీ గుర్తు చెయ్యలేదు.

ఇప్పుడు ఆ ఖాతాకు నామినీ మా అమ్మ. అదే కాగితం, అదే మాట, అమ్మ పేరుతో మళ్ళీ వచ్చింది. మడిగె యజమాని ముప్పయ్యో తేదీ దాకా ఆగుతానన్నాడు, ఆ లోగా బ్యాంకులో కాగితం పడిందని చూపిస్తే డబ్బు కోసం ఇంకో పదిహేను రోజులు చూస్తాడు, లేకపోతే ఇంకొకరికి ఇస్తాడు. అమ్మ పెద్దమ్మ బండి తీసుకుంది. పొద్దున అపార్ట్‌మెంట్లలో పని, పదకొండింటికి పెనం. రొట్టె ఇంకా గుండ్రంగా రావడం లేదు. "అక్క ఎయ్యనిది నేనెట్ల ఏస్తనే ముద్ర?" అంటుంది ఒక పూట. "ఏస్త తియ్యి, ఎన్ని దినాలు రోడ్డు మీద?" అంటుంది ఇంకో పూట. నేను ఏమీ చెప్పడం లేదు. చెప్పే హక్కు ఆటోలోనే పోగొట్టుకున్నాను.

కంపెనీలో ఉన్నాను కాబట్టి ఆ అరవై రూపాయలు పంపిన పేరు వెతికి తీయగలను. తీయలేదు, తీయను. అది ఇంకొకరి ఖాతాలోకి తొంగిచూడటం. పెద్దమ్మ ఒప్పుకోదు. రాజీనామా ఇచ్చాను, నెలాఖరు దాకా నోటీసు గడువు. టీమ్ లీడర్ అడిగాడు, "ఎందుకమ్మా, హైక్ కావాల్నా?" అని. గోడ మీది ఫోటో తీసెయ్యమన్నాను. క్యాంపెయిన్ నెలాఖరు దాకా నడుస్తుందట. పరిచి చూస్తే వాళ్ళ కొత్త ప్రపంచంలో ఉన్నదింతే: దండ వెయ్యడానికి చెయ్యి లేస్తుంది, తాళం తియ్యడానికి లేవదు.

స్పీకరు డబ్బాను నేను కంపెనీకి తిరిగి ఇవ్వలేదు. మా గదిలో పిండి డబ్బా మూత మీద ఉంది. ఛార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. దాని మీద నాలుగు వేళ్ళ పిండి అచ్చు ఎండి, పెళుసెక్కి, ఇంకా అలాగే అంటుకుని ఉంది. అమ్మ గది ఊడ్చేటప్పుడు కూడా దాని మీద గుడ్డ పడనివ్వదు.

బోనాల ముందు ముసురులో, కొత్తగూడ ఫ్లైఓవర్ కింద, కళ్ళజోడు మీద నీళ్ళతో రెండు రొట్టెలు, బచ్చలికూర తిన్న అబ్బాయీ, మీరు ఎవరైనా సరే. ఆ అరవై రూపాయలు మీ దగ్గరికి ఎలా వచ్చాయో నేను అడగను. మీరు కూడా మోసపోయినవాళ్ళే అయి ఉంటారని పెద్దమ్మ నమ్మింది, నేనూ నమ్ముతాను. ఒక్క వాక్యం చాలు: "రొట్టె తిన్నాను, డబ్బిచ్చాను." కింద మీ సంతకం. ఈ పత్రికకు రాస్తే నాకు చేరుతుంది. లేదా బండి దగ్గరికే రండి. ఆలస్యంగా వస్తే ప్రయోజనం లేదు. ముప్పయ్యో తేదీ పొద్దున పది గంటలకు బ్యాంకు తెరుస్తారు, అమ్మ ముందు ఇంకు డబ్బా మూత తీస్తారు. అంతకు ముందే రాయండి.